పేజీ అడగని ప్రశ్న

2008లో చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి మిల్లుకు, పత్తి అమ్మడానికి వచ్చే రైతుల వంతుల వరస చూపే వెబ్ పేజీ తయారుచేశాను. ఆ విద్యంతా గ్రంథాలయం పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. సిఫార్సులు చెల్లకుండా, తీసేసిన పేరు మళ్లీ చివరకే చేరేలా రాశానని అందరికీ గొప్పగా చెప్పాను.

గుమాస్తా రాఘవయ్యగారికి ఒక సరదా ఉండేది. రైతు ఎదుటే ‘తొలగించు’ నొక్కేవారు. "నిజంగా తీసేయాలా?" అని పేజీ అడిగేది. రైతు కంగారుపడ్డాక ‘వద్దు’ నొక్కి నవ్వేవారు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. తర్వాతి వంతు పత్తి లోడుతో వచ్చిన రైతు కోటయ్యగారిది.

"ఏం కోటయ్యా, నీ పేరు పీకెయ్యమంటావా?" అంటూ రాఘవయ్యగారు నొక్కారు. ప్రశ్న రాలేదు. పేరు పోయింది.

పేజీ మొత్తం కాకుండా జాబితా ఒక్కటే మారేలా ముందురోజే మార్చాను. అలా కొత్తగా వచ్చిన జాబితాకు ఆ ప్రశ్నను మళ్లీ తగిలించాలని నాకు తెలియదు.

"నువ్వు రాసిందేగా బాబూ, నువ్వే దిద్దు" అన్నారు కోటయ్యగారు.

"కంప్యూటర్లో ఉన్నదే వరసని ఈయనేగా చెప్పింది" అన్నారు వెనక ట్రాక్టర్లవాళ్లు. మధ్యలో పేరు చేర్చే దారి నేనే మూసేశాను.

చివరకు చేరిన కోటయ్యగారి వంతు రాకముందే సాయంత్రం వాన పడింది. పట్టా కప్పినా ఆయన లోడు తడిసింది. తడిసిన పత్తి మిల్లువాళ్లు తీసుకోలేదు.

ఆ తప్పు దిద్దడానికి నాకు ప్రోగ్రాంలో ఒక్క వాక్యం సరిపోయింది. తర్వాత జాబితా ఎన్నిసార్లు మారినా ప్రశ్న వచ్చేది. అందులో కోటయ్యగారి పేరు మాత్రం మళ్లీ కనబడలేదు.