మార్సెలా అడిగిన సోగిత్

తోరోంగోన్‌లో పెళ్ళి కుదిరినా, కోతలు ముగిసినా ముందుగా కబురు వెళ్ళేది మార్సెలా ఇంటికే. వండిన అన్నం చాప మీద ఆరబోసి, ఈస్టు ఉండలు నలిపి చల్లి, జాడీకెత్తి మూతి బిగించి ఆమె తీసే తపాయికి ఆ కొండల చుట్టుపట్ల పేరుంది. జాడీ పెట్టే మనిషి ఆ రోజు కోపం తెచ్చుకుంటే కల్లు పులిసిపోతుందని ఊరి నమ్మకం. మార్సెలా ఆ రోజు మొగుడు పిత్రుస్‌తో పోట్లాట మర్నాటికి వాయిదా వేసేది. మర్నాటికి దేని గురించి పోట్లాడాలో గుర్తుండేది కాదు. ఆ కాపురం అలా సాఫీగానే సాగింది.

ఆమెకున్న బెంగ ఒక్కటే, కూతురు రొవీనా. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఇక పుట్టరనుకున్నాక పుట్టిన పిల్ల. చల్లగాలి తగిలినా, పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగ సోకినా ఊపిరి అందదు. ముందు పిల్లికూతలా సన్నని చప్పుడు మొదలవుతుంది. తరవాత పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటుంది. ఆ గుంట ఎంత లోతుగా పడుతోందో చూసి, ఇంట్లో ఉన్న, నోటితో పీల్చే పంపు మందు సరిపోతుందో లేదో మార్సెలా చెప్పగలదు. సరిపోకపోతే ఏరు దాటాలి. ఏటి మీద ఉన్నది వేలాడే వంతెన, అవతల మట్టిరోడ్డు, ఆ పైన పట్నం ఆసుపత్రి. కిందటి వానల్లో వంతెన చెక్కలు కొట్టుకుపోతే, పిత్రుస్ పిల్లని వీపుకి కట్టుకుని తీగలు పట్టుకుని దాటాడు. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టాక పిల్ల పెదాలకి రంగు వచ్చింది. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని డాక్టరు ఆగిపోయాడు. ఆయన వదిలేసిన ఆ మాటని మార్సెలా రోజూ మనసులో పూర్తి చేసుకుంటూనే ఉంది.

అందుకే హుబర్ట్ ఊరికి వచ్చి క్లినిక్ మాట ఎత్తినప్పుడు అందరికంటే ముందు లేచి నిలబడింది ఆమే.

హుబర్ట్ పరాయివాడు కాడు. పెద్దమ్మ కొడుకు. తల్లి పోతే మార్సెలా ఇంట్లోనే పెరిగాడు. ఒకే చాప మీద పడుకుని దుప్పటి కోసం కొట్టుకున్నవాళ్ళు వాళ్ళిద్దరూ. ఇప్పుడు రాష్ట్రంలో సహాయమంత్రి. బూట్లు విప్పి మెట్టు కింద పెట్టి, తపాయి జాడీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వెదురు గొట్టంతో ఒక గుక్క పీల్చి కళ్ళు మూసుకున్నాడు.

"చెల్లీ, రాజధానిలో ఇలాంటిది దొరకదే. అక్కడ అన్నీ సీసాలే, గొంతులోకి దిగుతుంటే సబ్బునీళ్ళే."

"పొగడ్తలు తరవాత. క్లినిక్ సంగతి చెప్పన్నా."

"అదే చెప్తున్నా. వచ్చే నెల సముద్రం అవతలి నుంచి కేంద్రం వాళ్ళు వస్తున్నారు. మన వాళ్ళూ వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. భూమి మనది, నర్సూ మందులూ వాళ్ళవి. మనం స్థలం చూపిస్తే వాళ్ళు కాదనడానికి లేదు. తోరోంగోన్ పేరు ఆ బల్ల మీద ఉంటుంది. ఉంచేది నేను."

"నిజంగా?" అన్నాడు ఊరిపెద్ద మింతోల్ తాత. ఆయనకి చెవులు బానే వినపడతాయి, అయినా ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకోవడం అలవాటు.

"ఈ జాడీ మీద ఒట్టు తాతా."

జాడీ ముందు అన్న మాటకి ఆ ఊళ్ళో ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మర్నాడే అందరూ కత్తులు పట్టుకుని వచ్చి ఊరి బాట వార స్థలం చదును చేశారు. అది మార్సెలా అల్లం మడి. పక్వానికి రాని అల్లాన్ని ఆమే తవ్వి పక్కన పోసింది. పిత్రుస్ ఏటి నుంచి కంకర మోశాడు. అతను మాటలాడని మనిషి, ఆ రోజు మాత్రం "కిటికీ ఇటు పెట్టమను, గాలి బాగా వస్తుంది" అన్నాడు.

*

సమావేశం రోజున కంచు గంటలు వాయించడానికి తోరోంగోన్ బృందాన్నే పిలిపించాడు హుబర్ట్. ఆకులో చుట్టిన అన్నం, అడవి మామిడి ఊరగాయ చేసి తీసుకురమ్మని మార్సెలాకి చెప్పాడు. "కల్లు తేకు చెల్లీ, వచ్చేవాళ్ళలో ముస్లింలే ఎక్కువ. ఊరగాయ చాలు, అదే వాళ్ళ నోరు మూయిస్తుంది" అని నవ్వాడు.

హాలు బయట నల్లబట్టలు, వెండి నాణేల నడికట్లతో ఆడవాళ్ళు చేతులు చాచి నెమ్మదిగా అడుగులు వేస్తుంటే, పెద్దలు నవ్వుతూ లోపలికి వెళ్ళారు. తలుపులు మూసుకున్నాయి. మూసిన తలుపు వంక చూస్తూ మార్సెలా మనసులో దండం పెట్టుకుంది. భోజనాల వేళకి తలుపులు తెరుచుకున్నప్పుడు, ఊరగాయ గిన్నె దగ్గర ఆగిన ఒకావిడ "ఇది చేసింది మీరేనా అక్కా?" అని పలకరించింది. పేరు ఫాదిలా, కేంద్ర ఆరోగ్యశాఖలో డాక్టరట. తలకి లేతనీలం గుడ్డ చుట్టుకుని, చంకలో ఫైళ్ళతో, తినడానికి కూడా తీరిక లేనట్టుంది.

"నేనేనమ్మా. మాది తోరోంగోన్. మా ఊరికి నర్సుని ఇస్తున్నందుకు మీకు చాలా..."

ఫాదిలా చేతిలో చెంచా ఆగింది. "తోరోంగోన్? ఆ క్లినిక్ జాబితాలో లేదక్కా."

"లోపల ఇంకా మాట్లాడలేదేమో."

"లోపల ఏమీ మాట్లాడుకోరక్కా." ఆమె గొంతు తగ్గించింది. "పెద్దవాళ్ళు కూర్చునేది చేతులు కలపడానికి. అసలు బేరం అంతకుముందే అధికారులు తేల్చేస్తారు. మేం మీ క్లినిక్‌కి సరేనన్నాం. మీ వైపు వాళ్ళే వద్దన్నారు. దాని బదులు తీరం దగ్గర ఇంకో ఊళ్ళో పెద్ద భవనం అడిగారు. మీ సహాయమంత్రి గారే వచ్చి చెప్పారు. మీకు తెలుసనుకున్నాను."

మార్సెలా ఊరగాయ గిన్నెకి మూత పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. లోపల బోలెడు మిగిలి ఉంది.

తీరం దగ్గర ఊరంటే ఆమెకి వెంటనే అర్థమైంది. హుబర్ట్ వచ్చే ఎన్నికల్లో నిలబడబోయేది అక్కడే అని రేడియోలో చెప్పుకుంటున్నారు. కొండ ఓట్లు ఎలాగూ అతని పార్టీవే. తనవాళ్ళకి ఇవ్వనక్కర్లేదు, తనవాళ్ళు కనక.

వంటవాళ్ళ వైపు వసారాలో అతన్ని పట్టుకుంది. ముందు అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతి వంక చూసింది. తీసేశాడు.

"చూడు చెల్లీ, ఇక్కడ ఒకటి వదిలితేనే ఒకటి వస్తుంది. వచ్చేసారి మనదే."

"వదిలింది నీదా? రొవీనాది."

"అంత మాట దేనికి? నాకా పిల్ల పరాయిదా?"

"పరాయిదైతే బావుండేదన్నా. తీరంలో పుట్టుంటే బతికిపోయేది."

"నెమ్మదిగా మాట్లాడవే, అందరూ చూస్తున్నారు."

"జాడీ ముందు నెమ్మదిగానే చెప్పావు కదా, అందరూ చూస్తుండగా."

అతను వెనక్కి తిరిగాడు. కాసేపట్లో మైకుల ముందుకి వెళ్ళి, కొండప్రాంతాలకి క్లినిక్‌లు అడిగామనీ, కేంద్రమే కనికరించలేదనీ, తాను మాత్రం పోరాటం ఆపననీ చెప్పాడు. గొంతు కూడా వణికింది. పక్కనున్న గంటల బృందం వాళ్ళు సముద్రం అవతలివాళ్ళని నోరారా తిట్టుకున్నారు. తిరుగు బస్సులో మార్సెలా జరిగింది చెబితే, "మీ అన్న మీద నువ్వే అలా అంటే ఎలాగే?" అన్నారు. ఊళ్ళో అల్లం మడి మీద కంకర కుప్ప అలాగే ఉంది.

*

మాట తప్పినవాడి వల్ల ఊరు వేడెక్కుతుందని అక్కడి వాళ్ళ లెక్క. పైరు ఎండుతుంది, పిల్లలకి జబ్బు చేస్తుంది. తప్పు చేసినవాడు పందినో గేదెనో జరిమానాగా కట్టి ఊరిని చల్లబరచాలి. దాన్నే సోగిత్ అంటారు. మార్సెలా మింతోల్ తాత దగ్గరికి వెళ్ళి హుబర్ట్ మీద సోగిత్ అడిగింది.

"మంత్రి మీదా?" అన్నాడు తాత.

"మంత్రి మీద కాదు. మన జాడీ తాగి మాట తప్పినవాడి మీద."

"మంత్రి మీదా?" అన్నాడు తాత మళ్ళీ.

ఆమె ఆశ ఏమిటంటే, ఊరందరి ముందు తలవంచాల్సి వస్తే హుబర్ట్‌కి సిగ్గేసి క్లినిక్ మళ్ళీ తెస్తాడని. అతను రానంటాడని ఊరంతా అనుకుంది. కబురు అందగానే వస్తానన్నాడు. ఆమె అడిగింది పంది, అతను తెచ్చింది బలిసిన గేదె. వెనకే కెమెరా పట్టుకున్న మనిషి. హుబర్ట్ నేల మీద మోకరించి, "నా ఊరికి నేను బాకీ ఉన్నాను. పెద్దవాళ్ళ ఆచారం ముందు మంత్రి ఏపాటివాడు?" అన్నాడు. ముసలమ్మలు కళ్ళు ఒత్తుకున్నారు. గేదెని కోశారు, నెత్తురు నేలకి తగిలించారు, మాంసం ఉడికింది. ఆచారం ప్రకారం తప్పు కట్టినవాడూ అడిగినవాడూ ఒకే ఆకులో తినాలి. మార్సెలా చెయ్యి కదలలేదు. చుట్టూ పిల్లలు ఆకలితో చూస్తున్నారు. ఆమె ముట్టనిదే ఎవరికీ వడ్డించరు. రొవీనా కూడా వాళ్ళలో ఉంది.

ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

"అయిపోయింది" అన్నాడు మింతోల్ తాత. ఆ ఒక్క మాట మాత్రం రెండోసారి అనలేదు.

అప్పుడు హుబర్ట్ ఆమె వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. చిన్నప్పుడు దుప్పటి లాక్కున్నాక నవ్వే నవ్వే అది. ఎక్కడ పొరపాటు చేసిందో మార్సెలాకి ముక్క గొంతు దిగుతుండగా తెలిసింది. సోగిత్ కట్టి, కలిసి తిన్నాక ఆ సంగతి చచ్చినట్టే. మళ్ళీ ఎత్తినవాళ్ళు తామే తప్పు కట్టాలి. అతను క్లినిక్‌ని కేంద్రానికి అమ్మలేదు, తీరానికి అమ్మాడు. మిగిలిన ఊరి నోటిని ఒక గేదె ఇచ్చి కొన్నాడు. బేరానికి పిలిచింది తనే.

*

తరవాతి సమావేశానికి ముందు, ఊళ్ళ అవసరాలు వినడానికి కేంద్రం వాళ్ళూ రాష్ట్రం వాళ్ళూ కలిసి కొండలు తిరిగారు. తోరోంగోన్‌కి వచ్చినవాళ్ళలో డాక్టర్ ఫాదిలా ఉంది. వేలాడే వంతెన మీద చెప్పులు చేత్తో పట్టుకుని దాటింది. రాష్ట్రం తరఫున హుబర్ట్ మనిషి సేతుల్ వచ్చాడు. ఊరు సభకి చేరే ఊరిమందిరంలో అందరూ కూర్చున్నారు.

"కిందటిసారి క్లినిక్ స్థలం చూపించారు కదా. అది మీకు ఇంకా కావాలా?" అడిగింది ఫాదిలా. "కేంద్రం, రాష్ట్రం రెండిటి ముందూ ఊరు అడిగితే ఎవరూ చాటుగా తీసేయలేరు. ఊరే నోరు విప్పాలి."

అందరూ తాత వైపు చూశారు. సేతుల్ కాలు మీద కాలు వేసుకుని, "మా ఊళ్ళలో కొన్ని సంగతులు తిని అరిగించేసుకుంటాం మేడమ్. కదా తాతా?" అన్నాడు.

"అంతే" అన్నాడు మింతోల్ తాత నేల చూస్తూ.

మార్సెలా వెనక వరసలో ఉంది. ఒళ్ళో రొవీనా. ఆ పొద్దున ఎవరో గడ్డి తగలబెట్టారు. పిల్ల వీపు మీద వేసిన చేతికి సన్నని చప్పుడు తెలుస్తోంది, ఇంకా చెవికి వినపడటం లేదు. పక్కటెముకల మధ్య వేలు పెట్టి చూసింది. గుంట పడుతోంది, లోతుగా కాదు. ఇంకాసేపు ఆగవచ్చు. ఆగి ఆగి ఏం చెయ్యాలి?

పిల్లని పిత్రుస్ చేతికిచ్చి లేచింది.

"మాకు కావాలమ్మా. మా ఊరి పేరు తీయించింది మీరు కాదు, మా అన్న హుబర్ట్. ఊరందరి ముందు ఇస్తానన్నాడు, మీ గదిలో వద్దన్నాడు. మైకు ముందు మీ మీదికి తోశాడు. ఈ మాట ఎత్తకూడదు, నేనూ తిన్నాను. అయినా ఎత్తుతున్నాను. నా పిల్లకి ఊపిరి అందదు."

ఫాదిలా మిగిలిన వాళ్ళ వైపు చూసింది. "ఇంకెవరైనా? ఒక్కరి మాట అయితే ఇంట్లో తగాదా అనేస్తారు. ఇంకొక్కరు అనండి చాలు."

కంకర మోసినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. తీగ వంతెన మీద భార్యని మంచంతో మోసుకెళ్ళిన సోందోయ్ గోరు చూసుకుంటున్నాడు. బస్సులో కేంద్రాన్ని తిట్టిన ఆడవాళ్ళు బట్టల ముడతలు సర్దుకున్నారు. మార్సెలా ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వెళ్ళింది. హుబర్ట్ నవ్వు చూసినప్పుడు కూడా ఆమెకి ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"నేను చెప్తాను అక్కడ, మీరు అన్నారని," అంది ఫాదిలా లేస్తూ. "మాట మాత్రం ఇవ్వలేను." వెళ్ళేముందు సంచీలోంచి రెండు కొత్త పంపు మందులు తీసి రొవీనా పక్కన పెట్టింది.

వాళ్ళు వంతెన దిశగా వెళ్ళగానే మింతోల్ తాత గొంతు సవరించుకున్నాడు. "మార్సెలా, ఆచారం నీకు తెలుసు. ఊరు మళ్ళీ వేడెక్కింది."

"ఏం కట్టాలి తాతా?"

"పంది."

"మాకున్నది ఒక్కటే."

"తెలుసమ్మా." ఆయన ఆమె మొహం చూడలేకపోయాడు. అయినా మాట మార్చలేదు.

మార్సెలా వాదించలేదు. ఇంటికి వెళ్ళేసరికి పిత్రుస్ అప్పటికే పందిదొడ్డి అడ్డకర్ర తీస్తున్నాడు. రొవీనా మెట్టు మీద కూర్చుని పంపు మందు పీల్చి, అమ్మ నేర్పినట్టు ఊపిరి బిగబట్టి ఉంది.

"ఎవరూ లేవలేదు పిత్రుస్," అంది మార్సెలా. "ఒక్కడు కూడా."

"నేనూ లేవలేదు," అన్నాడు అతను.

ఆమె అప్పటిదాకా ఆ సంగతి గమనించనే లేదు. అతను పంది కాలికి తాడు ముడి వేస్తున్నాడు, తలెత్తకుండా.

"పిల్ల ఒళ్ళో ఉంది కదా" అంది.

"నోట్లో లేదు కదా."

ఆమె తాడు రెండో కొస అందుకుని ముందు నడిచింది. ఊరిమందిరం దగ్గర సోందోయ్ అప్పటికే పొయ్యి రాజేశాడు. ఆకులు పరుస్తున్న ఆడవాళ్ళు ఆమెకి దారి ఇచ్చారు, పేరు పెట్టి పిలవకుండా.