తిన్నావా అని అడిగిన పాపానికి

పోయిన ఏడు చేనేత ప్రదర్శనకని జపాన్‌లోని ఒక చిన్న దీవికి వెళ్లాను. నాకు బస ఇచ్చిన నేత అవ్వ దగ్గర వాళ్ల దీవి భాష నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. గద్వాలవాణ్ణి కదా, మొదట నేర్చుకున్నది "తిన్నావా?" అనడమే. మనకది పలకరింపు. ఆమెకు నిజమైన ప్రశ్న.

నేను ఊరికి తిరిగొచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం వీడియో కాల్ చేస్తుంది. నేను అడుగుతాను. ఆమె ఒక్కో గిన్నె చూపిస్తూ అరగంట చెబుతుంది. ఈ రోజూ అంతే. రేపు ఇవ్వాల్సిన పెళ్లి చీర మగ్గం మీదుంది. నా కాళ్లు మగ్గం గుంటలో ఉన్నాయి. అవతల అంచు నేయడానికి నా భార్య పోగు అటూ ఇటూ తిప్పే నాడె పట్టుకుని కూర్చుంది.

"ఆ అవ్వకు మనుమలు లేరా ఏంది?" అంది విసుగ్గా.

"ఉన్నరు. వాళ్లకు గా భాష తెల్వదు. ఆమెకు మాట్లాడనీకె నేనే దొరికిన."

నా భార్య నాడె పక్కన పెట్టి, ఫోన్ మీదికి వంగి, ఆ భాషలోనే "తిన్నావా?" అని అడిగింది. రోజూ విని విని వచ్చేసిందట!

అవ్వ ముఖం వెలిగిపోయింది. మళ్లీ మొదటి గిన్నె నుంచి మొదలుపెట్టింది.

ఇప్పుడు ఇద్దరం ఇరుక్కున్నాం. రేపటి చీర నేయడానికి మూడో మనిషి కావాలి, ఎవరైనా వస్తారా?