‘విస్మరించు’ అనే బటన్

నిరుడు డిసెంబరులో, లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ సిస్టమ్ వాడే తెలుగువాళ్లం ఆన్‌లైన్‌లో కలిశాం. ఏడాదిలో ఏం సాధించామో చెప్పుకునే సమావేశం అది. అందులో నా మైకు కట్ చేశారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కరీంనగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఖాళీ దొరికినప్పుడు లినక్స్ మెనూలను తెలుగులోకి మార్చే బృందంలో పనిచేస్తాను. జీతం ఉండదు, ఇష్టంతో చేసే పని. మా పెద్దమ్మ కూతురు లక్సెట్టిపేటలో జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. డిజైన్లు ల్యాప్‌టాప్‌లో గీసుకుంటుంది. అందులోని పాత సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావని, కొత్తది ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్కదని తెలిసినప్పుడు, నేనే వెళ్లి లినక్స్ ఎక్కించాను. మెనూలన్నీ తెలుగులో పెట్టి గర్వంగా బస్సెక్కాను.

ఎండాకాలంలో ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

“చెల్లె, పొద్దుగాల్నించి గీసిన డిజైన్ మొత్తం పోయింది. పెండ్లివాళ్లు సాయంత్రం వస్తరు.”

“ఏం నొక్కినవక్కా?”

“బంద్ చేస్తుంటె ఏందో అడిగింది. ‘మార్పులను విస్మరించు’ అని ఉన్నది. విస్మరించుడంటే ఏందే? మంచి మాటే అనుకొని నొక్కిన. గీ మాటలు ఎవ్వలు రాసిన్రు?”

గీసింది దాచకుండా పారెయ్యమని చెప్పే ఆ మాట నాకంటే ముందు బృందంలో ఉన్నవాళ్లది. ఆరోజే మొదలుపెట్టాను. ‘విస్మరించు’ తీసేసి ‘వదిలెయ్యి’ అని రాశాను. సేవ్ చెయ్యడానికి ‘భద్రపరచు’ బదులు ‘దాచు’. ‘పునఃప్రారంభించు’ బదులు ‘మళ్లీ మొదలుపెట్టు’. ప్రతి మాటా అక్కకు ఫోన్‌లో చదివి వినిపించి, ఆమెకు తెలిస్తేనే ఉంచాను. వానాకాలం సగం ఆ పనితోనే గడిచింది.

బృందంలో మాటలు సరిచూసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ఒప్పుకుంటేనే ఏ మాటైనా మెనూలోకి ఎక్కుతుంది. నేను పంపినవన్నీ ఒక్కటి మిగలకుండా తిప్పికొట్టాడు. కింద ఒక్క ముక్క రాశాడు: “మేడమ్, ఇది మీ ప్రాంతపు యాస. మనం ప్రామాణిక భాషే వాడాలి.”

‘వదిలెయ్యి’ యాసట! ‘దాచు’ యాసట! ఏ జిల్లాలో అనరు ఆ మాటలు? నా పేరు పక్కన కరీంనగర్ అని లేకపోతే అవి యాస అయ్యేవా? అడిగాను. ఒక్క మాటనూ మెనూలోకి ఎక్కనివ్వలేదు.

నా మాటలను అక్క ల్యాప్‌టాప్‌లో నేనే పెట్టేశాను. దసరా దాకా బాగానే నడిచింది. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చి నావన్నీ చెరిపేసి పాతవి తెచ్చిపెట్టింది. మళ్లీ లక్సెట్టిపేట పోయాను. ల్యాప్‌టాప్ తెరవబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“వద్దే. ఇంగ్లీషుల పెట్టు.”

“నీకు ఇంగ్లీష్ రాదు కదక్కా?”

“రాకపాయె. గా ఇంగ్లీషు నాది కాదని నాకు ఎర్కనే. గిది నా భాషే అంటరు, నాకే సమజ్ గాదు. సిగ్గయితుంది.”

ఇంగ్లీష్‌లోకి నా చేత్తోనే మార్చాను. ఆమె టీ తెచ్చింది. తాగకుండానే బస్సెక్కాను.

ఇక డిసెంబరు సమావేశం. తెలుగు అనువాదం దాదాపు పూర్తయిందని ఆ పెద్దమనిషి తెర మీద చూపించాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను మైకు ఆన్ చేశాను.

“ఎవలి కోసం పూర్తయింది సార్? మా అక్క మీ తెలుగు చదవలేక ఇంగ్లీషుకు పోయింది.”

“మేడమ్, మీకు అంతగా కావాలంటే ‘తెలంగాణ తెలుగు’ అని వేరే ప్యాక్ చేసుకోండి. మాకేం అభ్యంతరం లేదు.”

“మాది వేరే భాషనా? మీది ఎంత తెలుగో, మాదీ గంతే తెలుగు. మీ ఇంట్ల అన్నం మిగిలితే విస్మరిస్తరా, వదిలేస్తరా? జర చెప్పుండ్రి!”

“దయచేసి ఇక్కడ రాజకీయాలు వద్దు,” అన్నాడు. నా మైకు ఆగిపోయింది. తెర మీదికి వాల్‌పేపర్ల పోటీ వచ్చింది.

సమావేశం అయ్యాక విడిగా మెసేజ్‌లు వచ్చాయి. ఆదిలాబాద్ లెక్చరర్ ఒకాయన “మీరు చెప్పిందే కరెక్ట్” అని రాశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా. అందరూ అక్కడే కూర్చుని విన్నవాళ్లే. అందరి ముందూ ఒక్కరి నోరు లేవలేదు. మైకు కట్ చేసినవాడి మీదకంటే వీళ్ల మీదే నాకు ఎక్కువ కోపం. ఆ లెక్చరర్‌కు అదే మాట రాశాను.

బృందం నుంచి బయటికి రమ్మని మా ఆయన అన్నాడు. రాలేదు. వస్తే వాళ్లకు హాయి. ఈ జనవరి నుంచి ఒక్కో మాటా మళ్లీ పంపుతున్నాను, ఎందుకు మార్చాలో కింద రాసి మరీ. మర్యాదగా రాయడం మాత్రం మానేశాను.