పోలేరయ్య రెండో చోటు

మైపాడు పోలేరయ్యకు సముద్రంలో చేపలు బాగా పడే చోట్లు రెండున్నాయి. ఒడ్డు మీది నీళ్ల ట్యాంకు వెనక జంట తాటిచెట్లు దాక్కున్నాయంటే మొదటి చోటికి చేరినట్టు. రెండోదాని గుర్తు కన్నకూతురు స్వర్ణకు కూడా చెప్పలేదు.

ఆ స్వర్ణే, నాయనకు ఏమైనా అయితే ఎలాగని, ఆయన ఎక్కడున్నదీ పడవలవాళ్ల వాట్సాప్ గ్రూపులో కనిపించేలా ఫోన్లో పెట్టింది. మర్నాటికి మొదటి చోట ఆరు పడవలు తేలాయి.

ఫోను ఆపేస్తే కూతురు ఊరుకోదు. అందుకని పోలేరయ్య దాన్ని భార్య పిచ్చమ్మ చేపల గంపలో పెట్టి, రెండో చోటికి పోయి హాయిగా వల వేశాడు. పిచ్చమ్మ రోజూలాగే ఇందుకూరుపేట మీదుగా పోయే నెల్లూరు బస్సెక్కింది.

"పోలేరయ్య పడవ ఇందుకూరుపేట దాటిందిరా" అని గ్రూపులో ఒకటే నవ్వులు.

నాలుగో రోజు పిచ్చమ్మ ఎప్పుడూ చేపలమ్మే వీధికి వెళ్లేసరికి, ఆ పడవలవాళ్ల ఆడవాళ్లు ముగ్గురు అప్పటికే గంపలు దించుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చి ఫోను మొగుడి చేతిలో పెట్టింది.

"నీ చోటు దాచుకునేదానికి నా చోటు ఊరందరికీ చూపిస్తివే."