ఎక్కువ పెట్టెలు అమ్మింది నేనే

1984. కువైట్ సిటీలో పాత సూక్‌కి, అంటే బజారుకి, దగ్గర్లో మా షాపు. కింద పుస్తకాలు, పై అంతస్తులో ఆటవస్తువులు. నేను కోనసీమ వాణ్ణి, బీకాం చదివి అప్పటికి మూడేళ్ళుగా పై అంతస్తులో సేల్స్‌మన్‌ని. నా తర్వాత ఏడాదికి కడప నుంచి మూర్తి వచ్చాడు. వాడూ బీకామే, వాడిదీ నా జీతమే. కానీ వచ్చిన వారానికే షాపు వాళ్ళ నాన్నదైనట్టు తిరిగేవాడు. వాడంటే నాకు పడేది కాదు. ఎందుకని అప్పుడడిగితే వంద కారణాలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే చెబుతాను. కుళ్ళు.

మేం అమ్మిన సరుకేమిటో ముందు చెప్పాలి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు గేమ్ మాస్టర్, కథ నడిపేది ఆయనే. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని “నేను తలుపు తోస్తాను”, “నేను పారిపోతాను” అంటుంటారు. అది కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ కథ జరిగే లోకాన్ని సెట్టింగ్ అంటారు. ఒక్కో సెట్టింగ్ ఒక్కో పెట్టెలో వచ్చేది. ఆడినవాళ్ళ కోసం దాని తర్వాతి భాగాలు విడిగా వచ్చేవి. మా దగ్గర రెండుండేవి. అంతరిక్షంలో నడిచేదాన్ని చుక్కల పెట్టె అనేవాళ్ళం, రాక్షసులూ సొరంగాలూ ఉన్నదాన్ని కోట పెట్టె అనేవాళ్ళం. చుక్కల పెట్టె నా కౌంటర్‌లో ఉండేది, కోట పెట్టె మూర్తి కౌంటర్‌లో.

ఆ ఏడాది రంజాన్ అయ్యాక మా ముదీర్, అంటే షాపు నడిపే పెద్దమనిషి అబూ ఫైసల్, మా ఇద్దర్నీ పిలిచాడు.

“సులైబియా గోడౌన్లో చోటు లేదు. వచ్చే ఏడాదికి ఒక్క సెట్టింగే తెప్పిస్తా. ఏది జనానికి నచ్చితే అది. దాన్ని అమ్మినవాడే సెక్షన్ ఇన్‌చార్జ్. ఖలాస్.”

నాకు కావలసింది హోదా కాదు, ఫ్యామిలీ వీసా. సేల్స్‌మన్ జీతానికి అది రాదు, ఇన్‌చార్జ్ జీతానికి వస్తుంది. పెళ్ళయిన కొత్తలోనే సత్యవతిని వదిలి విమానం ఎక్కినవాణ్ణి నేను. మూర్తికి అసలు పెళ్ళే కాలేదు. ఫ్యామిలీయే లేనివాడికి ఫ్యామిలీ వీసా దేనికండీ?

అమ్మకాల్లో మాత్రం నాకు తిరుగులేదు. వాడి పెట్టె ఒకటి కదిలేలోపు నావి రెండు మూడు వెళ్ళిపోయేవి. నీలం అట్ట, మూత మీద మెరిసే రాకెట్టు. పెద్దిళ్ళ డ్రైవర్లు, పనిమనుషులు వచ్చి వేలు పెట్టి చూపించేవారు. “మా మామా పంపిందన్నా. ఎవురిదో పుట్టినరోజంట. తళతళలాడేది ఇయ్యి,” అనేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకావిడ. మామా అంటే వాళ్ళ యజమానురాలు. ఇచ్చేవాణ్ణి. రంగుకాగితం చుట్టి, రిబ్బను ముడి పువ్వులా వేసేవాణ్ణి. ఆ చుట్టడంలో నా తర్వాతే ఎవరైనా.

మరి మూర్తి ఏం చేసేవాడు? గురువారం సాయంత్రం షెల్ఫుల వెనక మడతబల్ల వేసి గేమ్ మాస్టరుగా కూర్చునేవాడు. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి రాక్షసుడి గొంతుతో అరిచేవాడు. బడిపిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు, ఆయిల్ కంపెనీ ఇంజనీరొకాయన, అందరూ వాడి చుట్టూనే. నా కౌంటర్ దగ్గరికొచ్చి “మూర్తి ఎక్కడ?” అని నన్నే అడిగేవారు! ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి ఆపుకోలేకపోయాను. “ఏం మూర్తీ, అమ్మకాల్లేవు గానీ నాటకాలు బానే ఆడతన్నావు?”

“ఏం జేద్దామన్నా, పిల్లోళ్ళు పోనంటాండారు. నువ్వూ రారాదా? మంచి గుర్రమిస్తా నీకు.”

“నాకు పనుందిలే.”

గుర్రమిస్తాడట! నవ్వుతూ అన్న మాటే అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఏడాది చివరి నెలలో ముదీర్ పైకి వచ్చి సరుకు చూస్తుండగా, మా పాత ఖాతాదారు ఉమ్ యూసఫ్, అంటే యూసఫ్ వాళ్ళమ్మ, సంచి మోయించుకుని వచ్చింది. నా కౌంటర్ మీద వరసగా చుక్కల పెట్టెలు పెట్టించింది. అన్నీ నా రంగుకాగితంలోనే ఉన్నాయి. రిబ్బను ముడి కూడా చెదరలేదు.

“మా వాడి పుట్టినరోజుకి వచ్చినవి. ఎవరూ విప్పలేదు. ఇవి తీసుకుని కోట ఆటకి పాచికలివ్వండి, పాతవి పోగొట్టారు,” అంది.

“కోట పెట్టె కొత్తదే ఇవ్వమంటారా?” అన్నాడు ముదీర్.

“పెట్టె దేనికి? మా దివానియాలో పిల్లలందరూ ఒక్కదాని మీదే ఆడుతున్నారు. అట్టలు కూడా ఊడిపోయాయి.” దివానియా అంటే వాళ్ళిళ్ళలో మగవాళ్ళు కూర్చునే గది.

ఆమె వెళ్ళాక నేను ముదీర్ దగ్గరికి వెళ్ళాను. “సార్, అమ్మకం అమ్మకమే కదా?”

“విప్పని పెట్టెకి తర్వాతి భాగం ఎవడు కొంటాడయ్యా? అట్టలూడేదాకా ఆడినవాడు మళ్ళీ వస్తాడు,” అన్నాడు ముదీర్. ఇన్‌చార్జ్ మూర్తి అయ్యాడు.

ఇంటికి క్యాసెట్లో మాటలు రికార్డు చేసి పంపుకునే రోజులవి. సత్యవతి జవాబు ఊరి నుంచి వచ్చినవాడు తెచ్చిచ్చాడు. “ఏవండీ, ఎక్కువ అమ్మింది మీరేనన్నారు కదండీ. మరి వీసా ఆయనకెలాగొచ్చిందండీ?” అంది. దెప్పడం కాదు, పాపం నిజంగానే అర్థంకాక అడిగింది. టేపు వెనక్కి తిప్పి ఆ మాటే మళ్ళీ విన్నాను.

మూర్తి పెళ్ళి చేసుకోవడానికి సెలవు మీద వెళ్ళాడు. చూశారా, వీసా దొరికాక పెళ్ళి! ముదీర్ నాతో “గురువారం బల్ల ఆగకూడదు. నువ్వు నడుపు. యల్లా,” అన్నాడు. పళ్ళు నూరుకుంటూ వాడి కుర్చీలో కూర్చున్నాను. పుస్తకం చూసి అప్పజెప్పినట్టు చెబుతుంటే పిల్లలు ఆవలించారు. అంతలో ఒకడు సొరంగంలో ఒక గది తలుపు తోశాడు. “లోపల ఎవరున్నారు?”

పుస్తకంలో ఆ గది ఖాళీ. నోటికొచ్చింది అనేశాను. “ఒకావిడ ఉంది. మూడేళ్ళుగా మొగుడి కోసం ఎదురుచూస్తోంది.”

ఆవలింతలు ఆగిపోయాయి. ఒకడు గుర్రం తెస్తానన్నాడు. ఒకడు కాపలావాణ్ణి మాటల్లో పెడతానన్నాడు. అందరికన్నా చిన్నవాడు మొహం గంభీరంగా పెట్టి “ఆమెకి ఇఖామా ఉందా?” అని అడిగాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. లేదన్నాను. “అయితే మా నాన్నతో చెప్పి చేయిస్తా, అంటే నా పాత్ర వాళ్ళ నాన్నతో,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పాచికలు రెండుసార్లు ఎదురు తిరిగాయి. మూడోసారి పడగానే బల్లంతా గోల. ఆవిడ బయటికొచ్చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి నేను షెల్ఫు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

వెళుతూ వెళుతూ వాళ్ళు అడిగింది మాత్రం “మూర్తి ఎప్పుడొస్తాడు?” అనే.

తర్వాత చాలా ఏళ్ళు సరుకు తెప్పించే పని నేనే చూశాను. ఏ లోకం బాగా పోతోందని ఎవరైనా అడిగితే, ఎన్ని పెట్టెలు వెళ్ళాయన్నది రెండో మాటగానే చెప్పేవాణ్ణి. మనిషి తన బాధ తెచ్చి పెట్టుకోవడానికి అందులో ఒక్క ఖాళీ గది ఉంటే చాలు, జనం ఆ లోకాన్ని వదలరు. ఈ సంగతి మూర్తికి నాకంటే ముందే తెలుసు. అందుకే ఇప్పటికీ వాడంటే నాకు పడదు.