జోరే సారు

ఉప్పల్‌లో మాకు ఫ్రెంచి నేర్పినాయనను జోరే సారు అనేవాళ్లం. ఫ్రెంచిలో ‘చేసి ఉండేవాణ్ణి’ (మా యాసలో ‘చేస్తుంటి’) అనడానికి వాక్యం ‘జోరే’తో మొదలవుతుంది. ఆయన బతుకంతా దాంతోనే మొదలయ్యేది.

“పారిస్ పోతుంటి, మోకాలు పట్టింది. పుస్తకం రాస్తుంటి, కరెంటు పోయింది.”

ఆయన చేయని పనులన్నీ రోడ్డు మీద పేరిస్తే నాచారం దాకా ట్రాఫిక్ ఆగిపోయేది.

నాచారంలో మా మందుల ఫ్యాక్టరీకి ఫ్రాన్స్ ఇంజనీరు వచ్చాడు. ఆయనతో మాట్లాడగలిగినవాడికే సూపర్‌వైజర్ పోస్టు అన్నారు. “ముందే తెలిస్తే ఎయిర్‌పోర్టుకు వచ్చి ఉండేవాణ్ణి” అని, సారు నేర్పినట్టే జోరే పెట్టి చెప్పాను. ఇంజనీరు పొట్ట పట్టుకుని నవ్వాడు. రావడం, పోవడం లాంటి మాటలకు జోరే కాదట, ‘సెరే’ అట. ఆ సంగతి తెలిసిన పక్క షిఫ్టువాడికి పోస్టు దక్కింది.

సాయంత్రం వెళ్లి నిలదీశాను. “సెరే అని ఒకటుందని చెప్పలేదేంది సారూ?”

సారు చాయ్ ఊదుకున్నాడు. “నాకెర్కనే తమ్మీ. చెప్తుంటి, నువ్వడగలె.”

బస్సులో ఆ ‘చెప్తుంటి’ని ఫ్రెంచిలోకి మార్చి చూశాను. ‘చెప్పడం’ అనే మాటకు జోరేనే సరి. అదొక్కటి మాత్రం ఆయన తప్పు చెప్పలేదు.