ఎండకు నిలిచిన ఆవాలు

దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున ఆ ఆవచేను ఉంది. మంచు విడిచే వేళ చూస్తే అది నేల మీద ఉన్నట్టే అనిపించదు. పసుపు పొగ ఒకటి ఏటి మీద తేలుతూ వచ్చి అక్కడ ఆగినట్టు ఉంటుంది. తండా నుంచి పనికి నడిచొచ్చే రూప్లి రోజూ గట్టు మీద కాసేపు అట్లా నిలబడిపోయేది.

ఏళ్ల తరబడి మిరప కోతకు పోయిన మనిషి. చేతుల మంట నిద్రలో కూడా ఆమెను వదిలేది కాదు. ఇక్కడి పని వేరు, రెండు రకాలు కలిపి కొత్త విత్తనం పుట్టించడం. విచ్చుకోని మొగ్గను మెల్లగా తెరిచి లోపలి కేసరాలు తీసేయాలి. తర్వాత ఇంకో రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్ది, కాగితం సంచి తొడగాలి. చేను నిండా తెల్ల సంచులు గాలికి ఊగుతుంటే పెండ్లివారింటికి వచ్చినట్టుండేది రూప్లికి.

చేను చూసుకునే శాస్త్రవేత్త సుజనది సత్తుపల్లి. ఎక్కడెక్కడి ఆవాలో తెచ్చి సాలుకో రకం వేయించింది. అదీ ఆలస్యంగా.

“పూత ఎండల పడ్తది గద మేడమ్. గట్లెందుకు?” అని అడిగింది రూప్లి.

“పడాలనే అక్కా. ఎండలు ఏటేటా ముందుకొస్తున్నాయి. ఏ రకం తట్టుకుంటుందో చూడాలి గదా.”

శివరాత్రి ఇంకా రానేలేదు, వడగాలి మొదలైంది. ఒక మధ్యాహ్నం సంచులు కడుతూ కడుతూ రూప్లి సాళ్ల మధ్య పడిపోయింది. భయమేమీ కలగలేదు. ఎప్పుడో పోయిన అమ్మ అద్దాల రవిక వేసుకుని పసుపు నీళ్లలో నడిచి పోతోంది. పిలిస్తే తిరిగి చూడడం లేదు. రూప్లి ఆమె వెనకే పోతోంది. కాళ్లకు చల్లగా ఉంది.

కళ్లు తెరిచేసరికి భద్రాచలం దవాఖానా. చేతికి సెలైన్, పక్కన సుజన.

“ఇక మధ్యాహ్నాలు పని బంద్ అక్కా,” అంది సుజన.

తేరుకుని మళ్లీ పనికి పోయేసరికి చేనులో పసుపు లేదు. పూత రాలిపోయింది, కాయలు సూదుల్లా ఎండిపోయాయి. రూప్లి కాయలు చిదిమి చూసింది. అన్నీ తాలు.

“నా లెక్కనే పడిపోయినయ్,” అంది.

చేను చివర, కొండమీది గూడెంలో ఎవరి పెరటి నుంచో తెచ్చిన పొట్టి రకం దగ్గర ఇద్దరూ ఆగారు. గరుకు ఆకులు, సన్నని కాయలు. సుజన ఒకటి చిదిమింది. నల్లని గింజలు అరచేతిలో రాలాయి. రూప్లి ఒకదాన్ని గోటితో నొక్కి చూసింది. గట్టిగా ఉంది, తాలు కాదు.

మరుసటి చలికాలం ఆ పొట్టిదాని పుప్పొడిని బాగా కాసే పొడుగు రకం మొగ్గలకు రూప్లే అద్దింది. అందులోంచి వచ్చిన గింజను విత్తి, ఆ మొక్కల గింజను మరుసటేడు మళ్లీ విత్తాక మొక్కలు తలోరకంగా లేచాయి. పొడుగ్గా పెరిగి తాలు పోయినవి కొన్ని, పొట్టిగా ఉండి గింజ కట్టినవి కొన్ని. ఎండ ముదిరినా పొడుగ్గా నిలిచి, నిండుగా కాసినవి మాత్రం రెండో మూడో.

“ఈ విత్తనం రైతు చేతికి పోవాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది అక్కా.”

“పట్టనీ మేడమ్. నేనేడికి పోత?”

రూప్లి ఆ నిలిచిన మొక్కల్లో ఒకదాని పక్కన కూర్చుని, ఎండిన కాయనొకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గింజల చప్పుడు వింటూ కళ్లు మూసుకుంది.